ట్రావెల్ ట్రైలర్ టైర్లలో గాలి: సైడ్‌వాల్ మీదున్నంత నింపాలా, బరువు చూసి తగ్గించాలా?

ఫ్రిస్కో_నాన్న:
అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో రెండు యాక్సిళ్ల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొన్నాం. జూలైలో పిల్లలతో టెక్సస్‌లోని పాలో డ్యూరో కెన్యన్ వెళ్లాలని అనుకుంటున్నాం. టైర్లు ఎస్‌టీ225/75ఆర్15 (ఎస్‌టీ అంటే ట్రైలర్ల కోసం చేసిన రకం), లోడ్ రేంజ్ డి (ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం). సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద 65 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది, ట్రైలర్ స్టిక్కరూ అదే చెబుతోంది. పక్కింటాయన మాత్రం "అంత గాలెందుకు, 50 చాలు, లోపల సామాను అదరదు" అంటున్నారు. ఎవరి మాట వినాలి? దారిలో టైరు పేలుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

తూకంచీటీ:
పక్కింటాయన మాటలో లెక్క ఉంది. ఈ సైజు ఎస్‌టీ టైరు 65 పీఎస్‌ఐ దగ్గర 2540 పౌండ్లు, 50 దగ్గర 2150 పౌండ్లు మోస్తుంది. మీ చక్రాల మీద 7000 పౌండ్లు పడుతుంటే టైరుకు వచ్చేది 1750. మరి 50 ఎందుకు చాలదు? గాలి ఎక్కువైతే ట్రెడ్ (నేలను తాకే గాళ్ల భాగం) మధ్యలోనే అరుగుతుంది, గతుకుల్లో అల్మరాలు తెరుచుకుని గిన్నెలన్నీ కింద పడతాయి. నేను మూడేళ్లుగా 55 పెట్టి లాగుతున్నాను, ఒక్క టైరూ పోలేదు. ముందు ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీల తూకం యంత్రం) మీద తూకం వేయించండి.

287_దారి:
అన్నా, మీ భాగహారం కాగితం మీద సరిపోతుంది. రోడ్డు మీద నాలుగు టైర్లూ సమానంగా మోయవు. వంటగది, ఫ్రిజ్, స్లయిడ్ (గది పెద్దదయ్యేలా బయటికి జరిగే భాగం) ఒకే పక్కన ఉంటే బరువంతా అటే. క్యాట్ స్కేల్ చీటీలో ట్రైలర్ యాక్సిళ్లు రెండింటికీ కలిపి ఒకే అంకె వస్తుంది, ఏ పక్క ఎంతో అందులో తెలియదు. పైగా గ్యాస్ స్టేషన్‌లో ఇరుకుగా తిప్పేటప్పుడు ట్రైలర్ టైర్లను ఒకసారి గమనించండి. చక్రం ఒక దిక్కుకు పోతుంటే నేలను పట్టుకున్న ట్రెడ్ ఇంకో దిక్కుకు ఒరుగుతుంది. అలా మెలిపడిన ప్రతిసారీ లోపలి పొరలు కొంత సడలుతాయి. గాలి తక్కువైతే సైడ్‌వాల్ ఎక్కువ వంగుతుంది, ఆ వంగుడుకే వేడి పుడుతుంది.

నిరుడు ఆగస్టులో 287 హైవే మీద చిల్డ్రెస్ ఊరు దాటాక నాకు కుడి వెనక టైరు పేలింది. అప్పుడు నేనూ 50 పీఎస్‌ఐ గాలితోనే ఉన్నాను. పేలిన సంగతే నాకు తెలియలేదు, వెనకొచ్చే ట్రక్కతను లైట్లు కొట్టి చూపించాడు. దిగి చూస్తే ట్రెడ్ పట్టీలా ఊడిపోయి, చక్రం పైనున్న రేకును చీల్చేసింది. అడుగున నల్ల షీటు చిరిగి వేలాడుతోంది, సింకు పైపు విరిగి నీళ్లు కారుతున్నాయి. దానికి జానెడు దూరంలో ప్రొపేన్ గొట్టం! 104 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో మా అమ్మనూ పిల్లల్నీ కంచె దగ్గర నిలబెట్టి స్టెప్నీ మార్చాను. పేలిన టైరు బరువంతా దాని ముందున్న టైరు మోసింది కదా, రెండు వారాల్లో అదీ ఉబ్బింది.

ఇప్పుడు పొద్దున్నే ఎండ తగలకముందు చూసి, 65 పెట్టే బయల్దేరతాను. దారిలో వేడికి 75 చూపించినా గాలి తీయను.

తూకంచీటీ:
చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. అందరూ క్షేమం, అదే చాలు. కానీ తమ్ముడూ, టైరు వయసెంతో, ఎంత స్పీడులో ఉన్నావో చెప్పలేదు. వేరే రేటింగ్ లేని పాత ఎస్‌టీ టైర్లకు గంటకు 65 మైళ్లే హద్దు. తప్పంతా గాలి మీదే వేయకూడదు.

287_దారి:
గంటకు 72 మైళ్ల స్పీడులో ఉన్నాను. టైరు ఆరేళ్లది, ట్రెడ్ మాత్రం కొత్తదానిలా ఉంటే నమ్మేశాను. మీరన్నది నిజమే, మూడూ కలిశాయి. కానీ అన్నా, ఆ మూడింటిలో ఖర్చు లేకుండా, బయల్దేరే రోజు పొద్దున ఐదు నిమిషాల్లో సరిచేసుకోగలిగేది గాలే కదా.

శాక్రమెంటో_అక్క:
మా కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగితే గంటకు 55 మైళ్లు దాటకూడదని చట్టమే ఉంది. వాదన ఎటు తేలినా టైర్ల మీద డాట్ నంబరు చివరి నాలుగంకెలు చూడండి: టైరు తయారైన వారం, సంవత్సరం. ఐదేళ్లు దాటితే నేనైతే మార్చేస్తాను. టీపీఎంఎస్ (టైర్లలో గాలి ఎంతుందో డ్రైవర్‌కు చూపించే పరికరం) కొంటే సిగ్నల్ బూస్టర్ ఉన్నది తీసుకోండి, ట్రైలర్ వెనక చక్రాల సిగ్నల్ డ్రైవర్ దాకా ఒక్కోసారి అందదు. లోడ్ రేంజ్ ఇ టైర్లు వేయాలనుకుంటే, రిమ్ముకూ వాల్వుకూ 80 పీఎస్‌ఐ తట్టుకునే శక్తి ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఫ్రిస్కో_నాన్న:
ఈరోజు తూకం వేయించాను. యాక్సిళ్ల మీద 7480 పౌండ్లు. మా ఫ్రిజ్, స్టవ్, స్లయిడ్ మూడూ ఎడమవైపే. డాట్ నంబరు కోసం ట్రైలర్ కిందికి దూరి టార్చ్ వేసి చూశాను, లోపలివైపు 2319 అని ఉంది. అంటే 2019లో 23వ వారం. నాలుగూ అవే. స్టెప్నీ ఇంకా పాతది. రిమ్ వెనక 65 పీఎస్‌ఐ అని అచ్చు ఉంది, అందుకని ఇ వద్దనుకుని డి టైర్లే ఐదు ఆర్డర్ పెట్టాను. తూకంచీటీ గారూ, మీ లెక్క అర్థమైంది గానీ నేను 65తోనే వెళ్తున్నాను. గిన్నెల మధ్య తువ్వాళ్లు పెట్టుకుంటాం.