వాన్ గో మ్యూజియంలో కళా చరిత్ర చదివిన గైడ్ కావాలి

మే రెండో వారంలో అమ్మానాన్నలతో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నాను. వాన్ గో మ్యూజియంకి ఉదయం 10 గంటల స్లాట్ టికెట్లు ఆన్‌లైన్‌లో తీసేసుకున్నాం. అమ్మ డ్రాయింగ్ టీచర్. చిత్రకారుడు వాన్ గో 1885లో బంగాళాదుంపలు తింటున్న రైతు కుటుంబాన్ని వేసిన ఆ మట్టిరంగు నుంచి, 1890లో తమ్ముడు థియోకి కొడుకు పుట్టినప్పుడు వేసిన బాదం పూల వెనక నీలం దాకా రంగులు ఎలా మారాయో బొమ్మ ముందే నిలబడి అడిగి తెలుసుకోవాలని ఆవిడ కోరిక. ఆడియో గైడ్‌ని ప్రశ్నలు అడగలేం, పైగా అందులో తెలుగు లేదు. కొందరు టూర్ ఏజెంట్లకు మెయిల్ పెట్టాను. పెద్ద గ్రూపులో కలిపి గంటలో తిప్పేస్తామన్నారు, గైడ్ ఏం చదువుకున్నారంటే మాత్రం జవాబు లేదు. ఇంగ్లిష్‌లో చెప్పినా చాలు, అమ్మకి నేను తెలుగులో చెప్తాను. మీలో ఎవరైనా ముగ్గురు నలుగురికే ఇలాంటి గైడ్‌ని పెట్టుకుని ఉంటే, ఎలా బుక్ చేసుకున్నారో చెప్తారా?