ప్లేయర్ రాసిన టూల్‌ని గేమ్‌లోనే పెట్టెయ్యాలా? కాస్త సలహా చెప్పండి

గేమ్ డెవలప్‌మెంట్‌లో ఉన్న అన్నలూ అక్కలూ, ఎవరైనా కాస్త దారి చెప్పండి. నేను మాదాపూర్‌లో ఓ చిన్న స్టూడియోలో పనిచేస్తున్నాను. మా ఆన్‌లైన్ గేమ్‌కి కూకట్‌పల్లి స్టూడెంట్ ఒకతను సొంతంగా టూల్ రాశాడు. బాస్, అంటే గేమ్‌లోని పెద్ద శత్రువు, పెద్ద దెబ్బ వేసే ముందు ఆ టూల్ వల్ల స్క్రీన్ మీద ఎర్ర గీత తగ్గుతూ వస్తుంది, అది అయిపోయేలోపు పక్కకి జరిగిపోవాలి. ఇప్పుడు ఆ టూల్ లేనివాళ్లని మిగతా ప్లేయర్లు టీమ్‌లోకే రానివ్వడం లేదు! మేం అప్‌డేట్ ఇచ్చినప్పుడల్లా అది ఆగిపోతుంది, పాపం అతనే రాత్రంతా కూర్చుని సరిచేస్తాడు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ వాళ్లు లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో యాడాన్లు (ప్లేయర్లే గేమ్‌కి తగిలించుకునే ఇలాంటి టూల్స్) రాసుకోనిచ్చారు, 2022లో డ్రాగన్‌ఫ్లైట్ అనే పెద్ద అప్‌డేట్‌తో స్క్రీన్ మీది బార్లు జరుపుకునే ఎడిట్ మోడ్ తామే పెట్టారు, 2025లో ఏమో ఫైట్‌లో సాయపడే యాడాన్లని కట్టడి చేస్తామని చెప్పి వాటి బదులు సొంతవి తేవడం మొదలుపెట్టారు.

నాకైతే లోపలే పెట్టడం న్యాయం అనిపిస్తుంది, ఎందుకంటే ఫోన్‌లో ఆడేవాళ్లకి ఆ టూల్ పనిచేయదు. కానీ అప్పుడు అందరూ బాస్‌ని వదిలేసి గీతనే చూస్తారేమో, అసలు బాస్ చెయ్యి ఎత్తడమే ఇంకా స్పష్టంగా కనిపించేలా చేయాలేమో అని టెన్షన్.

ఇంకోటి, ఆ అబ్బాయి కష్టం. క్రెడిట్స్‌లో పేరు వేస్తే చాలంటున్నారు మా వాళ్లు, నాకది అస్సలు నచ్చలేదు. డబ్బిచ్చి కోడ్ కొనాలా, కాంట్రాక్ట్ మీద తీసుకోవాలా? ఇలాంటిది చేసినవాళ్లుంటే ఎలా చేశారో, తర్వాత ప్లేయర్లు ఏమన్నారో చెప్పండి, ప్లీజ్.