రామదాసు చెరసాల కథ: కష్టం వల్ల భక్తి పెరుగుతుందా?

పాల్వంచవాసి:
మొన్న మా ఊళ్లో హరికథ చెప్పారు. దేవుడు తనవాళ్లకే కష్టాలు పెడతాడని, రామదాసు భక్తి గోల్కొండ చెరలోనే గట్టిపడిందని దాసుగారి మాట. మనందరికీ తెలిసిన కథే. తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు, తానీషా ఆయన్ని పన్నెండేళ్లు ఖైదులో పెట్టించాడు. ఇంటికొచ్చాక కూడా మాలో మాకు వాదన తెగలేదు. నిజంగా కష్టం నమ్మకాన్ని పెంచుతుందా?

సందేహి:
పెంచదండీ. నిలబడినవాళ్ల కథలే మనదాకా వస్తాయి. అదే కోటలో మగ్గి, దేవుడి మీద ఆశ వదిలేసి పోయినవాళ్ల గురించి ఎవరు పాడతారు? మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమంది పోయారు. పిల్లల్ని పోగొట్టుకున్న మా తాతయ్య మళ్లీ గుడి మెట్లెక్కలేదు. పరీక్షలో ఆయన తప్పాడని చెప్పే ధైర్యం ఎవరికుంది?

గుంటూరు మేరీ:
మీ తాతగారిని ఎవరూ ఆ మాట అనకూడదు. అయితే నాకు జరిగింది వేరు. మా ఆయనకు డయాలసిస్ మొదలయ్యేదాకా ప్రార్థన నాకు ఆదివారం అలవాటు మాత్రమే. ఇప్పుడు అది లేకుండా రోజు గడవదు. బైబిల్లో యోబు కథ చాలామంది సగమే చెబుతారు. ఆస్తిని, పిల్లల్ని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న ఆ మంచివాడు మొదట ఓర్చుకుంటాడు, నిజమే. తర్వాత తాను పుట్టిన దినాన్నే శపించుకుంటాడు, దేవుణ్ణి నిలదీస్తాడు. ‘నువ్వేదో పాపం చేసుంటావు’ అని నీతులు చెప్పిన స్నేహితుల మీదే చివర్లో దేవుడికి కోపం వస్తుంది. ఆసుపత్రిలో మా దగ్గరికి అలాంటి స్నేహితులు చాలామందే వచ్చారు.

భద్రాద్రి భక్తుడు:
మేరీగారు చెప్పింది రామదాసుకీ సరిపోతుంది. దాసుగారు ఓర్పు గురించి చెప్పారు, బాగానే ఉంది. ఆ కీర్తనల్లో ఓర్పు ఎంత ఉందో చూడండి. సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, భరతుడికి పచ్చల పతకం చేయించాను, దానికి పదివేల వరహాలు పట్టాయి అని లెక్క అప్పజెబుతాడు. ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావు, మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా అని దులిపేస్తాడు. ఆ వెంటనే, దెబ్బలు తట్టుకోలేక తిట్టాను, ఏమనుకోకయ్యా అంటాడు. సొంత ఇంటి మనిషితో తప్ప ఇంకెవరితో ఇలా మాట్లాడతాం?

నా ఉద్దేశంలో చెర ఆయనకు భక్తిని ఇవ్వలేదు. గుడి కట్టించేనాటికే అది ఉంది. చెరలో ఉన్న ఏళ్లలో ఆయన రాముడితో మాట మానలేదు, అంతే. తిట్టినా మాట్లాడుతూనే ఉన్నాడు. కాబట్టి కష్టంలో ఉన్న మనిషికి ‘దేవుడు పరీక్షిస్తున్నాడు, ఓర్చుకో’ అని చెప్పడం నాకు చాలా తప్పుగా కనిపిస్తుంది. ఆ ఒక్క మాటతో వాళ్ల నోరు నొక్కేస్తున్నాం. ఏడవనివ్వాలి, దేవుణ్ణి తిట్టాలనిపిస్తే తిట్టనివ్వాలి.

సందేహి:
అదంతా బాగుందండీ. కానీ రామదాసు తరఫున రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షలు కట్టి విడిపించారని కథ. మా తాతయ్యకు ఎవరూ రాలేదు.

భద్రాద్రి భక్తుడు:
రాలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉందని అబద్ధం చెప్పను. ఒక్కటి అడుగుతాను. ఉప్పెన తర్వాత ఆయన దేవుడి మాట ఎత్తేవారా?

సందేహి:
ఎత్తేవాడు. కార్తీకమాసంలో అమ్మమ్మ దీపం పెడుతుంటే అరుగు మీద కూర్చుని గట్టిగా తిట్టేవాడు. దీపం ఆర్పమని మాత్రం ఏనాడూ అనలేదు. దాన్ని భక్తి అంటే నేను ఒప్పుకోను.

గుంటూరు మేరీ:
ఒప్పుకోనక్కర్లేదు బాబూ. నేనైతే ఆయన్ని యోబు పక్కన కూర్చోబెడతాను.