‘స్టేల్ స్టేట్’ని ఏమందాం: పాచి అనా, ఎంగిలి అనా?

విజయనగరంలో మా కాలేజీ పిల్లల కోసం లినక్స్ డ్రైవర్ల (పరికరాల్ని నడిపే ప్రోగ్రాముల) మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. ‘స్టేల్ స్టేట్’ (తుడిచెయ్యక మిగిలిపోయిన పాత విలువలు) దగ్గర పెన్ను ఆగింది. ‘పాత స్థితి’ చప్పగా ఉంది. ‘చద్ది స్థితి’ అన్నారొకరు. చద్ది కావాలని దాచుకునేది, ఇది కడగడం మర్చిపోతే మిగిలేది.

నాకు తగిలిన కేసు చెప్తాను. ఒకే బోర్డు మీద ఒకేరకం సెన్సర్లు రెండు. చిప్ అడ్రస్‌నీ, ‘ఇనిట్ (మొదటి సెట్టింగులు పెట్టడం) అయిపోయింది’ అనే ఫ్లాగ్‌నీ స్టాటిక్ వేరియబుల్స్‌లో, అంటే డ్రైవర్ మొత్తానికీ ఒక్క కాపీయే ఉండేవాటిలో పెట్టాను. (రాసింది నేనే, ఎవర్నీ అనడానికి లేదు.) మొదటి సెన్సర్‌కి ప్రోబ్ (పరికరం దొరకగానే నడిచే డ్రైవర్ ఫంక్షన్) నడిచింది, ఫ్లాగ్ 1 అయింది. రెండోదానికి నడిచినప్పుడు అడ్రస్ మారిపోయింది, ఫ్లాగ్ చూసి ఇనిట్ మానేసింది. ఇక మొదటిదాన్ని పిలిచినా రెండోదే పలికేది, అదీ సెట్టింగులు లేకుండా. అన్‌బైండ్ చేసి బైండ్ చేసినా (పరికరాన్ని డ్రైవర్ నుంచి విడదీసి మళ్ళీ కలిపినా) ఫ్లాగ్ 1గానే ఉంది. డ్రైవర్ మాడ్యూల్‌ని మెమరీలోంచి దింపితే గానీ పోలేదు. రెండు రాత్రులు టెన్షన్. ‘పాచి స్థితి’ అనొచ్చా?

బొబ్బిలి నుంచి: మాస్టారూ, అక్కడ తప్పులు రెండున్నాయి, ఒక్క మాట చాలదు. తన నిన్నటిది తనకే మిగిలితే పాచి, పాచినోరులాగ. పక్కవాడిది మనకి అంటితే ఎంగిలి. రెండో సెన్సర్‌కి దొరికిన ఫ్లాగ్ ఎంగిలి. రీబైండ్ తర్వాత దొరికింది పాచి.

నరసన్నపేట నుంచి: బాగా చెప్పారు. మెమరీ అడిగితే కే-మాలాక్ ఇచ్చేది కడగని కంచం, కే-జెడ్-అలాక్ ఇచ్చేది సున్నాలతో కడిగిన కంచం. ప్రోబ్‌లో ఏ పరికరానికి ఆ కంచం వేరేగా పెడితే ఎంగిలి గొడవే లేదు. కానీ చిప్ సంగతి వేరు. కెక్సెక్‌తో (మెషీన్ని మామూలుగా రీస్టార్ట్ చెయ్యకుండా) కొత్త కెర్నల్‌లోకి, అంటే లినక్స్ మూలప్రోగ్రాములోకి దూకితే మధ్యలో ఫర్మ్‌వేర్ రీసెట్ ఉండదు, చిప్ లోపలి రిజిస్టర్లలో పాత కెర్నల్ రాసినవే ఉండొచ్చు. అందుకే ప్రోబ్‌లో ముందు చిప్‌ని రీసెట్ చెయ్యాలి. పాచిపని అయ్యాకే వంట.

చీపురుపల్లి నుంచి: అన్నీ కడిగెయ్యకండి బాబూ! రెండు పరికరాలు ఒకే క్లాక్ (చిప్‌లని నడిపే టిక్‌టిక్ సిగ్నల్) వాడుకుంటుంటే, ఎంతమంది వాడుతున్నారో కెర్నల్ లెక్క పెట్టుకుంటుంది. అది తరవాణి కుండ (గంజి పులియబెట్టేది), రోజూ కొత్తది పోస్తాం గానీ పులుపు పారబొయ్యం. ఒక డ్రైవర్ తన పనైందని నేరుగా క్లాక్ ఆపేస్తే రెండోది చచ్చూరుకుంటుంది.

మళ్ళీ నేను: సరే, పాచి, ఎంగిలి రెండూ తీసుకున్నాను. తరవాణి కూడా పెడదామంటే, మా క్లాసులో సగంమందికి ఆ కుండే తెలీదు.