ఫోర్ట్ జెఫర్సన్ రిపేర్ల గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారమండీ. వచ్చే నెల అమ్మానాన్నలు ఫ్లోరిడాలో మా దగ్గరికి వస్తున్నారు. కీ వెస్ట్ నుంచి బోటెక్కించి డ్రై టార్టుగాస్ దీవుల్లోని ఫోర్ట్ జెఫర్సన్ చూపిద్దామని ప్లాన్. 1846లో కట్టడం మొదలుపెట్టి, 1.6 కోట్ల ఇటుకలు పేర్చి, చివరికి పూర్తిచేయకుండానే వదిలేసిన కోట అది. లింకన్ హత్య కేసులో శిక్షపడ్డ డాక్టర్ మడ్‌ని ఉంచిందీ అక్కడే.

నాన్నగారు రిటైరైన సివిల్ ఇంజనీరు. ఫొటోలు పంపిన దగ్గర్నుంచి ఫోన్లో రోజూ ఇదే క్లాసు! ఫిరంగుల కిటికీల చుట్టూనే ఇటుకలు ఎక్కువగా ఊడిపోయి ఉన్నాయి. అక్కడ బిగించిన ఇనప తలుపులు ఉప్పుగాలికి తుప్పుపట్టి, ఉబ్బి, గోడని బయటికి తన్నేశాయి. రిపేర్లలో ఆ ఇనుము పీకేసి, అదే ఆకారంలో కాంక్రీటు పోతలు పెడుతున్నారు. నాన్నగారి డౌటల్లా ఒకటే: మెత్తటి పాత ఇటుక పక్కన గట్టి కాంక్రీటు పెడితే లోపలి తేమ ఎటు పోతుంది? ముందు ఇటుకే పొడి రాలిపోదా?

పాత కట్టడాల పనిలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే, ఆ కాంక్రీటుకీ ఇటుకకీ మధ్య ఏం వాడతారో కాస్త చెప్పండి. రిపేరైన గోడ, అవని గోడ పక్కపక్కనే కనబడేది ఏ వైపు? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, పైఅంతస్తు మెట్లు ఎక్కగలరా?

అమ్మకి మాత్రం ఈ గొడవేం పట్టదు. దాదాపు 70 మైళ్లు సముద్రంలో పోవాలనేసరికి వాంతుల టెన్షన్. ఏ నెలలో అలలు తక్కువుంటాయండీ?