లాడ్జిలో ఆధార్ జిరాక్స్ అడిగితే ఏం ఇవ్వాలి?

ప్రయాణ_పద్దు:
ఇంటిల్లిపాదీ విజయవాడ, తిరుపతి వెళ్తున్నాం. గది బుక్ చేయగానే అందరి ఆధార్ ఫొటోలూ వాట్సాప్‌లో పంపమంటున్నారు. నంబర్లు బయటపడకుండా ఎలా? మాస్క్‌డ్ ఆధార్ (మొదటి 8 అంకెలు కనబడని కాపీ) దించుకున్నాను గానీ పీడీఎఫ్ పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు.

నెట్_కాపలా:
పాస్‌వర్డ్ అంటే ఆధార్‌లో ఇంగ్లిషులో ఉన్న పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, అన్నీ క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన ఏడాది. మనవాళ్లకు ఇంటిపేరు దగ్గరే చిక్కు వస్తుంది. కార్డులో ఇంటిపేరు ముందుంటే దాని అక్షరాలే కొట్టాలి. ఇనిషియల్ తర్వాత చుక్క ఉంటే ఆ చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క. ఖాళీని మాత్రం లెక్కపెట్టకూడదు. పేరు మూడక్షరాలే అయితే ఆ మూడూ, తర్వాత ఏడాది.

ఇంకొకటి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ అన్న గడిలో టిక్ పెట్టకపోతే పూర్తి నంబరున్న కాపీయే వస్తుంది. తెరిచి, చివరి 4 అంకెలే కనబడుతున్నాయో లేదో చూసుకున్నాకే ప్రింట్ తీయించండి.

గోదారి_గట్టు:
అంత అవసరమా? పాత కార్డు మీదే మొదటి 8 అంకెలు నల్ల పెన్నుతో కొట్టేస్తే పోలా?

నెట్_కాపలా:
పోదండి. 2018కి ముందు ప్రింటయిన చాలా ఆధార్ లేఖల మీది క్యూఆర్ కోడ్‌లో 12 అంకెలూ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. ఏ స్కానర్ యాప్ పెట్టినా చదివేస్తుంది. ఆ తర్వాత వచ్చిన సెక్యూర్ క్యూఆర్‌లో చివరి 4 అంకెలే ఉంటాయి. పాత కార్డు తప్పదనుకుంటే క్యూఆర్ మీద కాగితం ముక్క అంటించి జిరాక్స్ తీయండి. ఫోన్‌లో హైలైటర్‌తో రుద్దినా లాభం లేదు, బ్రైట్‌నెస్ పెంచితే కింది అంకెలు కనిపిస్తాయి.

లాడ్జి_కౌంటర్:
రిసెప్షన్ వైపు నుంచి చెప్తాను. పోలీసులు తనిఖీకి వస్తే మేం చూపాల్సింది బస చేసినవాళ్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు. అది ఆధారే కానక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్స్, ఓటర్ కార్డు చాలు. పాన్ మాత్రం ఇవ్వకండి. దాని మీద అడ్రస్ ఉండదు కాబట్టి మాకు పనికిరాదు, అప్పు ఇప్పించే మోసగాళ్లకు మాత్రం బాగా పనికొస్తుంది.

జిరాక్స్ మీద లాడ్జి పేరు, తేదీ, ‘బసకు మాత్రమే’ అని ఫొటో మీదుగా, అడ్రస్ మీదుగా ఏటవాలుగా రాసి సంతకం పెట్టండి. అంచున రాస్తే దాన్ని మడిచి మళ్లీ జిరాక్స్ తీయొచ్చు.

వాట్సాప్‌లో ముందే పంపక్కర్లేదు. ‘వచ్చాక కౌంటర్‌లో చూపిస్తాం’ అంటే సరిపోతుంది. పంపారంటే ఆ ఫొటో మేనేజర్ సొంత ఫోన్ గ్యాలరీలో, అక్కణ్నుంచి బ్యాకప్‌లో చేరుతుంది. మీరు తర్వాత డిలీట్ కొట్టినా ఆ బ్యాకప్‌లోంచి పోదు.

సీమ_బాట:
తిరుమల సంగతి వేరు. దర్శనానికి బుక్ చేసినప్పుడు ఏ ఐడీ ఇచ్చారో దాని ఒరిజినల్ వెంట ఉండాలి. అది దేవస్థానం అధికారిక సైట్‌లోనే నింపండి. టికెట్లు ఇప్పిస్తామని వాట్సాప్‌లో ఆధార్‌లు పోగేసే దళారులకు ఒక్క కాపీ కూడా ఇవ్వొద్దు.

నెట్_కాపలా:
నంబరు పోతే ఏమవుతుందో కూడా తెలియాలి. ఉత్త జిరాక్స్‌తో ఖాతాలో డబ్బు తీయలేరు. కానీ వేలిముద్రతో డబ్బు తీసే ఏఈపీఎస్‌కు బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అక్కర్లేదు. వేలిముద్ర ఎలా దొరుకుతుందంటారా? 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రల నుంచి నకలు వేలిముద్రలు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. అందుకే మాస్కింగ్ కన్నా ముందు బయోమెట్రిక్ లాక్, అంటే మీ ఆధార్‌కు వేలిముద్ర పనిచేయకుండా తాళం, వేయమంటాను. మై ఆధార్ సైట్‌లో ఓటీపీతో పని అయిపోతుంది.

తిరిగొచ్చాక కేంద్ర టెలికాం శాఖ సైట్ సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి. మీది కానిది కనబడితే అక్కడే రిపోర్ట్ చేయొచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

గోదారి_గట్టు:
క్యూఆర్ సంగతి తెలియదండీ, మంచి మాట చెప్పారు. విమానంలో వెళ్లేవాళ్లూ బోర్డింగ్ పాస్ ఫొటో స్టేటస్‌లో పెట్టకండి. బార్‌కోడ్‌లో పేరు, పీఎన్ఆర్ ఉంటాయి. ఇంటిపేరూ పీఎన్ఆరూ ఉంటే చాలా ఎయిర్‌లైన్స్ సైట్లలో మీ బుకింగ్ తెరుచుకుంటుంది.

ప్రయాణ_పద్దు:
అమ్మ ఆధార్‌కు కూడా లాక్ వేస్తే రేషన్ దుకాణంలో ఇబ్బంది కాదా?

నెట్_కాపలా:
అవుతుంది. మెషీన్ మీద 330 ఎర్రర్ వస్తుంది, అంటే లాక్ పడి ఉందని అర్థం. వేలు అరిగిందనుకుని డీలర్ మళ్లీ మళ్లీ పెట్టిస్తాడు. క్యూలో వంతు వచ్చాక తాత్కాలిక అన్‌లాక్ నొక్కండి. 10 నిమిషాలు తెరిచి ఉండి, దానంతటదే మళ్లీ లాక్ పడుతుంది. అమ్మగారి ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది.