కుడివైపు టైరు పంచరైతే హైవే మీదే మార్చవచ్చా? నట్లు కదలకపోతే ఏం చేయాలి?

సందేహం:
హైదరాబాద్–విజయవాడ హైవే మీద తరచూ తిరిగే చిన్న కారు మాది. స్టెప్నీ మార్చడం ఇంటి దగ్గరే సాధన చేద్దామని చూస్తే ఒక్క నట్టూ కదల్లేదు. పానా మీద ఎక్కి తొక్కవచ్చా? ఇంకోటి, బండ్లు పోయే వైపు, అంటే కుడి టైరు పోతే ఎలా మార్చాలి?

జవాబు:
రెండో ప్రశ్న ముందు చూద్దామండీ, ప్రాణంతో ముడిపడింది అదే. కుడి టైరును హైవే అంచున మార్చకండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. వంగి నట్టు తిప్పే మనిషికి వెనక ఏం వస్తోందో కనపడదు. హజార్డ్ లైట్లు వేసి, ఎడమ అంచు పట్టుకుని, మనిషి నడిచేంత వేగంతో పెట్రోలు బంకో, ధాబానో, సర్వీసు రోడ్డో వచ్చేదాకా పోనివ్వండి. టైరు నలిగిపోతుంది, రిమ్ము వంగినా వంగవచ్చు. పోతే పోనీయండి, అవి మళ్ళీ కొనుక్కోవచ్చు.

కారు అసలే కదలకపోతే అందరూ ఎడమ తలుపుల్లోంచి దిగి రెయిలింగు అవతల నిలబడి 1033కి ఫోన్ చేయండి. జాతీయ రహదారుల సహాయ నంబరు అది. వెనక పెట్టే ఎర్ర త్రికోణాన్ని కారు పక్కనే పెడితే ఉపయోగం లేదు. కనీసం 50 మీటర్లు, అంటే 70 అంగలు వేసినంత దూరం ఉండాలి. హైవే మీద 100 మీటర్లయితే మేలు. దాన్ని పెట్టడానికి రోడ్డు మీద కాకుండా అంచు బయట నడవండి.

మరో జవాబు (నట్ల గురించి):
పంచరు షాపుల్లో గాలి గన్నుతో బిగించేస్తారు, చేతి పానాకు లొంగనిది అందుకే. చాలా చిన్న కార్లకు కావలసిన బిగువు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుది మాన్యువల్‌లో చూసుకోండి. పావు మీటరు పొడవున్న పానా కొసన 40 కిలోల బరువుతో నొక్కితే సుమారు 100 వస్తుంది. గన్ను దీన్ని సులువుగా దాటేస్తుంది. ఇకపై గన్ను వద్దు, చేత్తో బిగించమని అడగండి.

విప్పేటప్పుడు పానా పిడి ఎడమవైపు అడ్డంగా వచ్చేలా తగిలించి, మడమతో నిదానంగా కిందికి నొక్కండి. ఎక్కి గెంతితే పానా జారి నట్టు మూలలు అరిగిపోతాయి, కాలికీ దెబ్బే. రెండడుగుల ఇనప పైపు ముక్క డిక్కీలో ఉంచుకోండి. పానాకు తొడిగితే సగం బలం చాలు. ఆ పైపు విప్పడానికే, బిగించడానికి వాడితే బోల్టు మర సాగి ఎప్పుడో తెగుతుంది. మరలకు నూనె, గ్రీజు రాయకండి. అదే బలానికి నట్టు మరీ ఎక్కువ బిగుసుకుంటుంది.

మళ్ళీ సందేహం:
పైపుతో వదులయ్యాయి, ధన్యవాదాలు. కానీ జాకీ ఎత్తుతుంటే పక్కకు ఒరుగుతోంది.

జవాబు:
వెంటనే దించేయండి. నేల మెత్తగా ఉండి ఉంటుంది, లేదా కారు కదులుతూ ఉండి ఉంటుంది. జాకీ కింద అడుగు పొడవు చెక్క పలక వేయండి. ఇటుక వద్దు, బరువుకు పగులుతుంది. హ్యాండ్ బ్రేక్ లాగి మొదటి గేరులో ఉంచండి. ఆటోమేటిక్ అయితే పి (పార్కింగ్)లో. ఎత్తే చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రానికి రెండు వైపులా రాళ్ళు పెట్టండి. వెనక చక్రం ఎత్తేటప్పుడు ఇది మరీ ముఖ్యం: చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, వాటిలో ఒకటి గాల్లో ఉంటుంది.

తలుపు కింది అంచులో, చక్రానికి దగ్గరగా రెండు గాట్లు కనపడతాయి. జాకీ తల సరిగ్గా వాటి మధ్య కూర్చోవాలి. నట్లు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే ఎత్తండి. గాలిలేని టైరు నేల వదిలాక ఇంకో రెండు మూడు అంగుళాలు లేపాలి, గాలి నిండిన స్టెప్నీకి ఆ ఎత్తు కావాలి. చక్రం తీసేముందు స్టెప్నీని కారు కిందికి పడుకోబెట్టి తోయండి. జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. మీ ఒళ్ళు మాత్రం ఏ భాగమూ కిందికి పోనివ్వకండి.

తుప్పుకు చక్రం అంటుకుపోతే జాకీ మీదుండగా తన్నకండి. నట్లు రెండు చుట్లు వదులుగా ఉంచి, దించి, కారును పక్కలకు ఊపితే ఊడొస్తుంది.

ఇంకొకరు:
బిగించే వరస ఎవరూ చెప్పలేదు. నట్టు సన్నబడే వైపు రిమ్ములోకి ఉండాలి. ముందు అన్నీ వేళ్ళతో, తర్వాత ఒకదాని తర్వాత దాని ఎదురుది. పూర్తి బిగువు చక్రం నేల తాకాకే. 50 కిలోమీటర్లు పోయాక మళ్ళీ ఒకసారి పానా వేసి చూడండి. స్టెప్నీ మీద 80 అని రాసి ఉంటే ఆ వేగం దాటకండి. స్టెప్నీలో గాలి నెలకోసారి చూడటం మరవద్దు. 2020లో స్టెప్నీ నిబంధన సడలించాక కొన్ని కార్లకు దాని బదులు, టైరులోకి పంచరు మూసే ద్రవం నింపే కిట్టు ఇస్తున్నారు. టైరు పక్క గోడ చీలితే అది పనిచేయదు, నేరుగా 1033కే చేయాలి.